గోలు వలకి బోగోలు ముడి

ఇంట్లో నేను ఆడిన అబద్ధాల్లో ఇది చాలా చిన్నది: చీరలు కొనుక్కోవడానికి మద్రాసు పోతున్నాం అని. నిజం చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కారు. నలభై దాటిన ముగ్గురు ఆడవాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి రైలెక్కుతున్నారంటే, దీని వెనక ఇంకేదో పెద్ద వ్యవహారం ఉందని మా ఆయన అనుమానపడేవాడు. చీరలనగానే వెంటనే నమ్మి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పొలానికి వెళ్లిపోయాడు.

మేం ముగ్గురం బోగోలు హైస్కూల్లో కలిసి చదువుకున్నవాళ్లం. నేను కొడవలూరు వైపు వరి పండించే ఇంటికి కోడలిగా వచ్చి, అక్కడే బడిలో తెలుగు పాఠాలు చెబుతున్నాను. మాకంటే రెండు తరగతులు ముందున్న ఆమె గూడూరులో నిమ్మకాయల మండీ నడిపే ఇంట్లో పడింది. ఇప్పుడు మండీ నడిపేది ఆమే. ఆమె మాకు అక్క. మూడో ఆమె బోగోలు వదిలి ఎక్కడికీ పోలేదు. వాళ్లది సముద్రం మీద బతికే కుటుంబం. భర్త వేటకి పోతాడు, ఈమె చేపలు అమ్ముతుంది, వలలు బాగుచేస్తుంది. ఆమెని నేను నేస్తం అంటాను. ముగ్గురం ఏడాదికి ఒకసారైనా ఎక్కడికో ఒక చోటికి పోవాలని ఒట్టు పెట్టుకున్నాం. అంతకుముందు ఏడాది తిరుపతి పోయి, క్యూలో నిలబడి, ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా తిరిగొచ్చాం.

ఈసారి ఫుట్‌బాల్ ఎందుకంటే, మా బడి డ్రిల్లు టీచరుకి ఎవరో క్రీడల సంఘం వాళ్లు మూడు పాసులు ఇచ్చారు. ఆమె మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. "మీరన్నా పోండి మేడం, ఇండియా ఆడతా ఉండాది" అని నా చేతిలో పెట్టింది. పాసు మీద ఇండియా పేరు, దాని పక్కన ఇంకో దేశం పేరు ఉన్నాయి. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే మా అక్క దాన్ని పలికిన తీరు కూడా రాయాల్సి వస్తుంది. కింద ఇంగ్లీషులో డబ్ల్యూ అనే అక్షరం ఉంది. అది సీట్ల వరస కాబోలు అనుకున్నాను.

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది ఒక్కటే. మా బడి గోడకి అవతల వరిచేను ఉంది. బంతి అందులో పడితే ఆట అయిపోయినట్టు. చేను గలామె బంతి వెనక్కి ఇవ్వదు.

నేస్తం బిట్రగుంటలో రైలెక్కి నాకు సీటు పట్టింది. నేను నెల్లూరులో ఎక్కాను. గూడూరులో అక్క ఎక్కేసరికి పెట్టె అంతా నిమ్మకాయ వాసన. ముగ్గురం ఒకే రంగు చీరలు కట్టుకున్నాం, నిమ్మపండు రంగు. అక్క కొత్త గోడౌను తెరిచినప్పుడు ఒకే తానులోంచి కత్తిరించినట్టుండే మూడు చీరలు తీసి మా ఇద్దరికీ ఒక్కోటి పెట్టింది. ఆ రోజు అవే కట్టుకు రమ్మని ఫోన్లో హుకుం జారీ చేసింది.

"మద్రాసులో జనం ఎక్కువ మే. తప్పిపోతే దూరాన్నుంచి కనపడాల" అంది.

మధ్యాహ్నం దాకా చీరల కొట్లో కూర్చున్నాం. చెప్పిన అబద్ధానికి సాక్ష్యం కావాలి కదా. నేనూ నేస్తం చెరొక చీర తీసుకుని గంటలో బయటపడదామనుకున్నాం. అక్క మాత్రం, "లోపల కట్టుకునేటివి యాడ కొన్నా ఒకటే అనుకుంటారు, కాదు మే, ఈడ బట్ట గట్టిగా ఉంటాది" అని అరడజను లంగాలు ఏరుకుంది. అక్కడే భోంచేసి, ఆ సంచీలతోనే స్టేడియానికి ఆటో ఎక్కాం.

గేటు దగ్గర తనిఖీ చేసే అమ్మాయి అక్క హ్యాండుబ్యాగు తెరిచి పది నిమ్మకాయలు బయటికి తీసింది. అవి లోపలికి తీసుకుపోకూడదట, ఆటగాళ్ల మీదికి విసురుతారట. అక్కకి అరవం బాగా వచ్చు, వ్యాపారమంతా వాళ్లతోనే. ఆ అమ్మాయితో అరవంలో పది నిమిషాలు వాదించి, ఓడిపోయి, మా వైపు తిరిగి తెలుగులో అంది: "నిమ్మకాయ తగిలితే ఎవురికైనా దెబ్బ తగల్దు మే, దిష్టి పోతాది." నేస్తం తెచ్చిన టిఫిను డబ్బా మాత్రం లంగాల కింద ఉంది. ఆ అమ్మాయి సంచీలో చెయ్యి పెట్టి, పైన ఉన్నవేమిటో చూసి, మొహమాటపడి వదిలేసింది.

లోపల ఇంకొకతను మా చీరలు చూసి నవ్వి, "విజిటర్సా, అక్కా?" అన్నాడు.

"ఆమా, ఆమా" అని అరవంలో అవునంది అక్క. చూడ్డానికి వచ్చినవాళ్లం విజిటర్సే కదా. నెల్లూరు నుంచి వచ్చామని కూడా చెప్పింది. అతను ఆ మాట వినిపించుకోకుండా మమ్మల్ని ఒక గోలు వెనకాల ఉన్న అరుగుల వైపు పంపాడు. స్టేడియంలో మిగతా చోట్ల వేలమంది నీలం చొక్కాలు వేసుకుని అరుస్తున్నారు. మా వైపు మాత్రం పట్టుమని పదిహేను మంది లేరు. అందరూ పసుపు చొక్కాల్లో ఉన్నారు. అందరూ మన దేశం కానివాళ్లే. మేం పోయి కూర్చోగానే వాళ్లంతా చప్పట్లు కొట్టారు. అవతలి దేశం వాళ్లు ఎంత మర్యాదస్తులో అనుకున్నాం. వాళ్ల జట్టు రంగు పసుపు అని మాకు అర్థమవడానికి ఇంకో పావుగంట పట్టింది.

ఆటగాళ్లు వరసగా బయటికొచ్చారు. అక్క కళ్లు చిట్లించి చూసింది.

"మే, వీళ్లు ఆడపిల్లోళ్లు!"

నేను పాసు తీసి చూశాను. డబ్ల్యూ అంటే ఉమెన్. ఇరవై ఐదేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఆ అక్షరం చూసి సీటు వరస అనుకున్నాను. ఆ సంగతి వాళ్లిద్దరికీ ఇప్పటిదాకా చెప్పలేదు. అక్క మాత్రం కొంగు నడుముకి చెక్కి, "అయితే గట్టిగా చూడాల్సిందే" అని ముందుకి జరిగింది.

మా పక్క సీటులో యాభై ఏళ్లుండే పొడుగాటి ఆమె ఒంటరిగా కూర్చుని ఉంది. ఆమె పసుపు చొక్కా వెనక ఒకటో నంబరు ఉంది. మా ముందున్న గోలు దగ్గర నిలబడిన పిల్ల చొక్కాకీ అదే నంబరు. నాకొచ్చిన ఇంగ్లీషుతో అడిగాను. ఆమె కూతురట. ఆమె తన దేశంలో బస్సు నడుపుతుందట. ఆ ముక్క నాకు అర్థం కాకపోతే గాలిలో స్టీరింగు తిప్పి, హారను కొట్టి చూపించింది. కూతురి ఆట కోసం సెలవు పెట్టి వచ్చిందట. అక్కకి ఆమె వెంటనే నచ్చింది. "ఒంటి మనిషి, ఇంత దూరం వచ్చింది, తిన్నాదో లేదో" అని నేస్తం వైపు చూసింది.

నేస్తం డబ్బా మూత తీసింది. నెత్తళ్ల వేపుడు. వేలెడు పొడవుండే ఎండు చేపలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి. ఆ వాసన మా అరుగులు దాటి, రెండు వరసలు కిందికి దిగి, అక్కడ కోటు వేసుకుని కూర్చున్న వాళ్ల అధికారి ఒకాయన్ని వెనక్కి తిరిగేలా చేసింది.

ఇప్పుడు సిగ్గుపడుతూ రాస్తున్నాను. ఎండ పడుతోందని చెప్పి నేను ఒక సీటు అవతలికి జరిగాను. నిజానికి ఆ వైపే ఎండ ఎక్కువ. నేస్తం నా వైపు ఒకసారి చూసింది. బస్సు నడిపే ఆమె మాత్రం నాలుగు నెత్తళ్లు నోట్లో వేసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ చెయ్యి చాపింది.

ఆట మొదలైంది. అక్క బంతి ఎటు పోతే అటు తల తిప్పుతోంది. నేస్తం మాత్రం ఒకే చోటికి చూస్తోంది.

"మే, ఆ వల చూడు. కుడి పక్క కింద ఊడిపోయుండాది."

"ఆట చూడు మే" అన్నాను.

"ఆట యాడికీ పోదు. వల చూడు. ఎవుడో పని రానోడు కట్టినాడు. మూరెడు సందుండాది."

చూశాను. నిజమే. గోలు స్తంభానికి వల కట్టిన చోట, నేలకి దగ్గరగా, ముళ్లు విడిపోయి వల పక్కకి వేలాడుతోంది. నాకు అది పెద్ద విషయంగా తోచలేదు.

అరగంట దాటాక మన పిల్ల ఒకతె ఇద్దరిని తప్పించుకుని వచ్చి బలంగా తన్నింది. బంతి వెళ్లి వలలో పడింది. స్టేడియం మొత్తం లేచింది. నేనూ అక్కా కూడా లేచి, చేతులెత్తి అరిచాం. ఆ గోలు దగ్గరి పిల్ల మాత్రం రెండు చేతులూ ఊపుతూ రిఫరీ వైపు పరిగెత్తింది.

అప్పుడు మా మధ్యలోంచి ఒక కేక వచ్చింది. చేపల బుట్టతో వీధిలో నిలబడి మూడు సందుల అవతలికి వినిపించేలా పిలిచే గొంతు అది.

"గోలు కాదు! గోలు కాదు అది! బయట పక్క నించి దూరింది! ఆ సందులోంచి పోయింది!"

నేస్తం సీటు ఎక్కి నిలబడి ఉంది. చెయ్యి వల వైపు చూపిస్తోంది. ఆమె మాట ఆ మైదానంలో ఎవరికీ అర్థం కాదు, చెయ్యి మాత్రం అందరికీ అర్థమైంది. రిఫరీ, ఆమె కూడా ఆడమనిషే, గీత దగ్గర జెండా పట్టుకున్న ఆమెతో మాట్లాడి, వల దగ్గరికి వచ్చి వంగి, ఆ సందులోకి తన చెయ్యి దూర్చి చూసింది. లేచి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. గోలు లేదు.

స్టేడియం అంతా మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టింది. పక్క అరుగుల మీంచి నీలం చొక్కా వేసుకున్న మనిషి ఒకడు కంచె దగ్గరికి వచ్చి, ఏ దేశం మీది అని ఇంగ్లీషులో అరిచాడు.

"గూడూరు!" అంది అక్క.

నేను నేస్తం చీర పట్టుకుని కిందికి లాగాను. "మన దేశం గోలు మే అది! గమ్మునుండు" అన్నాను.

"దేశం ఏంది మే. నా కంటితో చూసినా గదా" అంది ఆమె. అబద్ధం ఆడమని ఎవరో అడిగినట్టు చూసింది నా వైపు. బస్సు నడిపే ఆమె లేచి నేస్తాన్ని గట్టిగా వాటేసుకుంది. నేస్తం ఆమె చంకలోంచే మైదానంలోకి చూస్తోంది. అక్కడ మైదానం పనులు చూసే, మీసం నెరిసిన ఒకాయన పరిగెత్తుకొచ్చి వల కడుతున్నాడు.

"అయ్యో, జారుముడి వేసినాడు" అంది నేస్తం.

జారుముడే. పది నిమిషాలకి మళ్లీ విడిపోయింది.

సగం ఆట అయి జట్లు లోపలికి వెళ్లాయి. ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో లావుపాటి నైలాను తాడు ఉంది. అది వల కన్నుల్లోంచి దూరడం లేదు. కోటు వేసుకున్న స్టేడియం అధికారి ఒకాయన పక్కన నిలబడి వాచీ చూసుకుంటూ అరుస్తున్నాడు. ఆ అరుపులకి పెద్దాయన తాడు కొసని మళ్లీ మళ్లీ అదే కన్నులో గుచ్చుతున్నాడు. నేస్తం మెట్లు దిగి కంచె దగ్గరికి పోయింది.

"అన్నా! ఆ తాడు లావుండాది! జారిపోతాది! సన్న దారం కావాల!"

ఆయన తలెత్తి చూసి, తెలుగులోనే అడిగాడు: "నీకు వస్తుందా అమ్మా?"

"పుట్టినప్పట్నించీ ఇదే పని."

ఆయన కోటు మనిషితో ఏదో చెప్పాడు. కోటు మనిషి మా నేస్తాన్ని, ఆమె చీరని, వాచీని మార్చి మార్చి చూశాడు. పోలీసు ఆమెకి సైగ చేశాడు. కంచెకి ఉన్న చిన్న గేటు తెరుచుకుంది.

నేను పరిగెత్తుకుంటూ వెళ్లి ఆమె కొంగు పట్టుకున్నాను. వేలమంది చూస్తున్నారు, టీవీ వాళ్లున్నారు, ఏదైనా తప్పు జరిగితే మనల్ని లోపలేస్తారు, అన్నీ గబగబా చెప్పాను. బడిలో పిల్లల్ని భయపెట్టే మాటలు అవన్నీ. ఆమె నా చేతిలోంచి కొంగు మెల్లగా తీసుకుంది.

"వదులు మే. వలే గదా" అంది. తర్వాత పైకి చూసి కేకేసింది. "అక్కా, ఒక లంగా ఇయ్యి!"

"లంగా యాడికి మే?"

"బొందు కావాల!"

అక్క ఇంకో మాట అడగలేదు. కొత్త లంగా ఒకటి సంచీలోంచి తీసి, మెట్ల మీదుగా తెచ్చి ఇచ్చింది. పోలీసు ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేస్తం ఒక్క గుంజుతో బొందు బయటికి లాగి, లంగా నా భుజాన వేసి లోపలికి వెళ్లింది. గడ్డి మొదలయ్యే చోట చెప్పులు విప్పింది. ఎందుకు విప్పావని తర్వాత అడిగితే, పడవ ఎక్కేటప్పుడు విప్పుతాం గదా అంది.

ఆమె గొంతుక్కూర్చుని పని మొదలుపెట్టింది. ముందు పెద్దాయన వేసిన ముళ్లన్నీ విప్పింది. బొందుని పళ్లతో కొరికి మూడు ముక్కలు చేసింది. ఒక్కొక్క కన్నులోంచీ దూర్చి, స్తంభానికి ఉన్న కొక్కేనికి చుట్టి, బిగించి, మళ్లీ తర్వాతి కన్నుకి పోయింది. స్టేడియంలో ఉన్న పెద్ద తెర మీద మా నేస్తం చేతులు కనిపించాయి. ఒక్కో వేలూ చెయ్యంత ఉంది. మొదట జనం నవ్వారు. తర్వాత ఈలలు వేశారు. ఆమె తలెత్తి చూడలేదు. కొంచెం సేపటికి నవ్వులు తగ్గాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అవి అరుగు నుంచి అరుగుకి పాకాయి.

రిఫరీ వచ్చి వలని పట్టుకుని మూడుసార్లు లాగింది. బొటనవేలు పైకెత్తింది. నేస్తం కూడా బదులుగా బొటనవేలు ఎత్తి, చెప్పులు వేసుకుని, ఏమీ జరగనట్టు మెట్లెక్కి వచ్చింది. నేను నా పాత సీటులోకి, ఆమె పక్కకి, జరిగి కూర్చున్నాను. డబ్బాలో మిగిలిన నెత్తళ్లు నేనే తిన్నాను.

రెండో సగంలో జట్లు చోట్లు మార్చుకుంటాయని మాకు తెలియదు. ఇప్పుడు మా ముందున్న గోలుని కాచేది మన ఇండియా పిల్ల. అయిదు నిమిషాలు తిరక్కుండానే పసుపు చొక్కా పిల్ల ఒకతె తన్నిన బంతి దూసుకొచ్చి, సరిగ్గా కుడి పక్క కింద, బొందు కట్టిన చోట తగిలింది. వల ఉబ్బింది, నిలబడింది. సందేహం లేని గోలు. మన మీద.

"నిలిచింది మే!" అని నేస్తం ఎగిరింది.

"మనకే గదా మే పడింది గోలు!" అని అక్క నెత్తి కొట్టుకుంది.

"అది వేరే సంగతి. వల చూడు, నిలిచింది."

ఆట ముగుస్తుందనగా అవతలి గోలులో మన పిల్లలు కూడా ఒకటి వేశారు. మేం ముగ్గురం లేచి గొంతు పోయేలా అరిచాం. ఇందాకటి నీలం చొక్కా మనిషి మాకేసి చూసి, ఏమీ తేల్చుకోలేక తల తిప్పుకున్నాడు. అరిచి, ఊపిరి తీసుకుని, పక్కకి చూస్తే బస్సు నడిపే ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. ఆ బంతిని వదిలింది ఆమె కూతురు. మేం ఎత్తిన చేతులు దించుకున్నాం. అక్క ఆమె పక్కన కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తెలుగులోనే ఓదార్చింది. "ఒకటే గదమ్మా. పిల్ల బాగా ఆడింది. మా మండీలో నాకు దినానికి నాలుగు పడతాయి ఇట్టాంటివి." ఆమె తల ఊపింది.

ఒకటికి ఒకటి, సమానం. ఆట అయ్యాక ఆ కూతురు కంచె దగ్గరికి వచ్చింది. తల్లి ఆమెకి ఏదో చెప్పి మా నేస్తాన్ని చూపించింది. ఆ పిల్ల చేతికున్న దళసరి తొడుగు విప్పి నేస్తం చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, అరచేతిలో కాయలు కాసిన చోట వేలితో తడిమి చూసి, తన అరచెయ్యి తిప్పి చూపించింది. అక్కడా ఉన్నాయి. ఇద్దరూ నవ్వుకున్నారు. దీన్ని ఇంగ్లీషులో చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు.

తిరుగు రైల్లో కూర్చున్నామో లేదో నేస్తం ఫోను మోగింది. ఆమె భర్త. రేవు దగ్గర ఎవరి ఫోన్లోనో అందరూ చూశారట. స్పీకరు పెట్టింది.

"ఏమ్మే, ఎడం పక్క ఎందుకు వదిలేసినావు?" అన్నాడు ఆయన, పలకరింపు కూడా లేకుండా. "ఆడ కూడా రెండు కన్నులు సాగిపోయుండాయి. నాకు ఈణ్ణించే కనపడతా ఉండాది."

"పావుగంటే గదయ్యా ఇచ్చినారు. పోలీసామె నెత్తి మీద నిలబడుండాది."

"అయితే మాత్రం? ఆ దారం ఏంది, తెల్లగా ఉండాది?"

"లంగా బొందు."

 అవతల నుంచి సముద్రం గాలి వినిపించింది.

"నూలు బొందు తడిస్తే బిగుస్తాది, మంచిదే" అన్నాడు చివరికి. "కానీ ఆరినాక వదులైపోతాది. రెండు చుట్లు ఎక్కువ వేసుండాల."

"ఆడ యాడ తడుస్తాది? నేల మీద గదా ఉండేది వల!"

"వాన పడితే?"

అక్క అప్పటికే నిద్రపోయింది. వాళ్లిద్దరూ సూళ్లూరుపేట దాకా వాన గురించీ ముళ్ల గురించీ పోట్లాడుకున్నారు. అక్కడ సిగ్నల్ పోయింది. నేస్తం ఫోను పక్కన పెట్టి, అసలు ఆ ముడి ఎట్ట వేస్తారో చూడమని నా చీర కొంగు అంచు తీసుకుని వేసి చూపించింది. మూడుసార్లు చూపించింది. నాలుగోసారి నన్ను వేయమంది. వేశాను. ఆమె ఒక వేలితో లాగితే ఊడిపోయింది.

"మళ్లీ వెయ్యి" అంది.